వేసవి సెలవులకి తాతయ్య ఇంటికి రానంటున్న పాప గురించి

అమ్మా, మీరు రాసిన దాంట్లో నాకు అర్థమైంది ఇదీ. పాలకొల్లు దగ్గర పల్లెలో, పాదిరి లేకుండా పెద్దలే నడిపించే బ్రదరెన్ క్రైస్తవ సహవాసంలోని విశ్వాసుల ఇంట్లో పుట్టి పెరిగారు. పెళ్ళయ్యాక హైదరాబాద్ వెళ్ళారు. మీవారిది లూథరన్ అనే వేరే క్రైస్తవ సంఘానికి చెందిన కుటుంబం. ఏటా మే నెలలో మీ అన్నదమ్ములూ అక్కచెల్లెళ్ళూ పిల్లలతో సహా మీ నాన్నగారింట్లో చేరతారు. పోయిన ఏడు రాత్రి ప్రార్థనలో వంతుల వారీగా వచనాలు చదువుతుంటే మీ పాప తెలుగు చదవలేక తడబడింది. పిల్లలు నవ్వారు. మీ నాన్నగారు పాప చెవిపోగులు చూపించి, ఈ పిల్ల లోకంలో పడిపోతోందని అందరి ముందూ అన్నారు. ఆ వెంటనే రాకడ గురించి, అంటే ప్రభువు మళ్ళీ వచ్చి తనవాళ్ళని తీసుకెళ్ళడం గురించి, అప్పుడు విడిచిపెట్టబడే వాళ్ళ గురించి చెప్పారు. పదకొండేళ్ళ పిల్ల తెల్లార్లూ నిద్రపోలేదు. ఈ ఏడు రానని ఖచ్చితంగా చెప్పేసింది. బలవంతం చెయ్యొద్దని మీవారూ, పిల్లలు లేకుండా నువ్వూ రావద్దని మీ నాన్నగారూ అంటున్నారు. వెళ్ళాలా మానాలా అని అడిగారు.

వెళ్ళమనే చెప్తాను. అయితే పోయిన ఏడు వెళ్ళినట్టు వెళ్ళొద్దు. పాపతో కంటే ముందు మీ నాన్నగారితో మాట్లాడాలి, అదీ రైలెక్కక ముందే జరగాలి.

నాకు 63 ఏళ్ళు. నేను పుట్టింది కూడా అలాంటి ఇంట్లోనే, నరసాపురం పక్కన. 34 ఏళ్ళు బడిలో పిల్లలకి పాఠాలు చెప్పాను. సండే స్కూల్లో అంతకన్నా ఎక్కువ కాలమే చెప్పాను, ఇప్పటికీ చెప్తున్నాను. ప్రతి ఆదివారం బల్ల దగ్గర, అంటే ప్రభువు జ్ఞాపకంగా రొట్టె పంచుకునే ఆరాధనలో కూర్చుంటాను. మే నెల వస్తే మా ఇంట్లో తొమ్మిది మంది మనవలు చేరతారు. కాబట్టి ఈ విషయం నాకు రెండు వైపుల నుంచీ తెలుసు.

మా తాతయ్యది పెంకుటిల్లు. ముందు రెండు అరుగులు, వెనక కొబ్బరిచెట్లు, వాటి వెనక పంటకాలువ. 1970ల నాటి సంగతి. సెలవులిచ్చిన మర్నాడే మేం ముగ్గురం, పెదనాన్న పిల్లలు నలుగురు, అత్తయ్యల పిల్లలు అయిదుగురు అక్కడ చేరిపోయేవాళ్ళం. రాజోలు వైపు నుంచి వచ్చే చిన్నత్తయ్య వాళ్ళు సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి వచ్చేవారు. వాళ్ళని తీసుకురావడానికి రేవుకి ఎవరు వెళ్ళాలన్న దగ్గరే మాకు మొదటి గొడవ.

తెల్లవారుజామున నాలుగున్నరకి తాతయ్య లాంతరు వెలిగించి కీర్తన అందుకునేవాడు. అది చెవిన పడ్డాక పక్క మీద ఉండకూడదు. అందరం గచ్చు మీద మోకాళ్ళూనేవాళ్ళం. ఆయన ప్రార్థనలో మా పన్నెండు మంది పేర్లూ వరసగా వచ్చేవి. ఎవరి పేరు తర్వాత ఏ మాట అంటాడోనని చెవులు రిక్కించి వినేవాళ్ళం. సినిమా లేదు, రేడియోలో పాటలు లేవు, పేకముక్క గుమ్మం దాటి లోపలికి రాకూడదు. ఆడపిల్లలకి గాజులు, పోగులు, పూలు లేవు. మందిరంలో ముసుగు తల మీంచి జారకూడదు. ఆదివారం డబ్బు ముట్టుకోకూడదు కాబట్టి కూరలూ సరుకులూ శనివారమే వచ్చేసేవి. ఆదివారం మధ్యాహ్నం పుల్లయిసు బండివాడు గంట కొట్టుకుంటూ వీధిలో తిరుగుతుంటే కిటికీ చువ్వలు పట్టుకుని అలా నిలబడి చూసేవాళ్ళం.

మిగతా ఆరు రోజులూ పొద్దున్న ప్రార్థన అయ్యాక దీపాలు పెట్టే దాకా మమ్మల్ని అడిగేవాళ్ళు లేరు. ఆ రోజుల్లో కాలువలు కట్టేస్తారు కదా, అడుగున మిగిలిన మడుగుల్లో మట్టగిడసలు పట్టేవాళ్ళం. తాటిముంజెలు బొటనవేలితో తోడుకుని తినేవాళ్ళం. కొత్తపల్లి కొబ్బరి మామిడికాయ ఉప్పూ కారం అద్దుకుని చెట్టు మీదే తినేసేవాళ్ళం. ఇంట్లో పచ్చిరొయ్యలు మామిడికాయ వండితే ఆ వాసనకే అందరం వచ్చి విస్తళ్ళ ముందు కూర్చునేవాళ్ళం. మధ్యాహ్నం ఎండ వేళ అత్తయ్యలు అరుగు మీద లేసు అల్లుకునేవారు. చేతిలో సూది ఆగేది కాదు, నోటితో మాకు 119వ కీర్తన చెప్పేవారు. దాంట్లో 176 వచనాలు. ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలు. ఒక వేసవికి రెండు భాగాలు వస్తే గొప్ప. నేను పదకొండో భాగం దాకా వచ్చాను. ఇప్పటికీ ఆ భాగాలు నోట్లోకి వచ్చినప్పుడు అత్తయ్య గొంతే వినిపిస్తుంది.

మీరు ఒక మాట రాశారు, అంత సంతోషం నా జీవితంలో మళ్ళీ లేదు, అంత భయం కూడా మళ్ళీ లేదని. ఆ రెండూ నాకూ ఉన్నాయి.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు. రోహిణి కార్తె ఎండలు. భోజనాలయ్యాక అందరం వసారాలో చాపల మీద పడుకున్నాం. మెలకువ వచ్చేసరికి పక్కన ఎవరూ లేరు. చాపలు ఉన్నాయి, చెంబు ఉంది, అత్తయ్య లేసు దారం ఉండ నేల మీద దొర్లి ఉంది. ఇల్లంతా తిరిగాను, ఒక్క మనిషి లేడు. ముందు రాత్రే తాతయ్య చెప్పాడు, ఇద్దరు పొలంలో ఉంటారు, ఒకరు ఎత్తబడతారు, ఒకరు విడిచిపెట్టబడతారని. ప్రభువు వచ్చేశాడు, అందరినీ తీసుకెళ్ళిపోయాడు, నన్ను వదిలేశాడు అనుకున్నాను. అంతకుముందు రోజు చిన్నన్నయ్య జేబులోంచి ఐదు పైసలు తీశాను, అందుకేననుకున్నాను. కాళ్ళకి చెప్పులు లేకుండా ఆ ఎండలో మందిరం దాకా పరిగెత్తాను. తలుపుకి తాళం. ఆ మెట్ల మీద కూర్చుని ఏడ్చిన ఏడుపు ఇన్నేళ్ళయినా మర్చిపోలేదు. అందరూ కాలువ గట్టుకి వెళ్ళారు. తాటిగెలలు దింపుతున్నారని పిలుపొస్తే పడుకున్న నన్ను లేపడం ఎందుకని వదిలేసి వెళ్ళారు. అంతే జరిగింది.

మామ్మే నన్ను వెతుక్కుంటూ వచ్చింది. ఎందుకేడుస్తున్నానో విని ఏమీ నవ్వలేదు. ఎత్తుకుని ఇంటికి తీసుకొచ్చి కాళ్ళకి వెన్న రాసింది. "ఆయన వస్తే నన్ను లేపుతాడు, నేను నిన్ను లేపుతాను" అంది. ఆ రాత్రి తాతయ్యతో ఏం మాట్లాడిందో నాకు తెలీదు. మర్నాటి నుంచి రాత్రి ప్రార్థనలో రాకడ ఆగిపోయింది. రూతు కథ మొదలైంది, దాని తర్వాత సమూయేలు, ఆ తర్వాత దావీదు. నాలుగున్నర లేవడం అలాగే ఉంది. ముసుగు అలాగే ఉంది. ఆదివారం పుల్లయిసు లేదు. నియమాల్లో ఒక్కటీ సడలలేదు. కానీ ఆ వేసవి నుంచి పడుకునే ముందు నాకు భయం వేయలేదు.

ఇన్నేళ్ళు పిల్లల్ని చూశాక నేను చెప్పగలిగేది కూడా ఇదే. పెందరాళే లేపినందుకో, ముసుగు వేయించినందుకో, సినిమా వద్దన్నందుకో మందిరానికి దూరమైన పిల్లల్ని నేను పెద్దగా చూడలేదు. అలాంటివి పిల్లలు సణుక్కుంటూనే చేస్తారు, పెద్దయ్యాక కథలుగా చెప్పుకుంటారు. పదిమందిలో తల వంచుకోవాల్సి వచ్చిన పిల్లలు, రాత్రిళ్ళు ఒంటరిగా భయపడ్డ పిల్లలు మాత్రం వెళ్ళిపోయారు. వాళ్ళు మందిరానికే కాదు, ఇంటికి కూడా రావడం మానేశారు.

కాబట్టి మీ నాన్నగారి దగ్గర వేటికి ఒప్పుకోవాలో, వేటికి ఒప్పుకోకూడదో ముందే మీ మనసులో తేల్చుకోండి. పొద్దున్న, రాత్రి ప్రార్థనలకి పిల్లలు కూర్చుంటారు. ఫోన్లు పెట్టెలో పెట్టి తాళం వేస్తామంటే వేయనివ్వండి, పిల్లలకి అదే మంచిది. మందిరానికి వెళ్ళేటప్పుడు పాప తల మీద చున్నీ వేసుకుంటుంది. చెవిపోగులు ఆ మూడు వారాలు తీసి ఉంచడం పాపకి ఇష్టమైతే తీస్తుంది, ఇష్టం లేకపోతే ఉంచుకుంటుంది. దీని మీద మాత్రం పాపనే అడగండి, మీరు నిర్ణయించకండి. తల్లి చేతులతో లాగి తీసేసిన పోగులు ఆడపిల్లకి ఎప్పటికీ గుర్తుంటాయి. ఇవన్నీ ఆ ఇంటి పద్ధతులు. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళు పాటించడంలో తప్పు లేదు.

రాకడ గురించి, నరకం గురించి రాత్రిపూట పిల్లలకి చెప్పడం, అందరి ముందూ పేరు పెట్టి తప్పు ఎత్తిచూపడం, బాప్తిస్మం ఎప్పుడని పిల్లని నిలదీయడం, ఈ మూడింటికీ ఒప్పుకోవద్దు. మీ అన్నయ్య కొడుకు పన్నెండేళ్ళకే తీసుకున్నాడని, ఇక మీ పాప సంగతేంటని అడుగుతున్నారని రాశారు కదా.

వీటి గురించి ఆయనతో మాట్లాడేటప్పుడు హైదరాబాద్ మాటలు వద్దు. చైల్డ్ సైకాలజీ అనీ, ఈ కాలం పిల్లలనీ మొదలుపెట్టారంటే ఆయన చెవులు మూసుకుంటారు. ఆయన పుస్తకంలోంచే మాట్లాడండి. మీరూ అదే పుస్తకం చదివి పెరిగారు, ఆ హక్కు మీకుంది. కొలొస్సయులకు రాసిన పత్రిక 3వ అధ్యాయం 21వ వచనం తండ్రులకి రాసిందే. పిల్లల మనసు కుంగిపోకూడదని, అందుకని వాళ్ళకి కోపం పుట్టించవద్దని చెప్తుంది. రాకడ గురించి మనం ఎక్కువగా చదివేది థెస్సలొనీకయులకు రాసిన మొదటి పత్రిక 4వ అధ్యాయం. అది ఏ మాటతో ముగుస్తుందో చూడండి. ఈ మాటలతో ఒకరినొకరు ఆదరించుకోండి అని. చనిపోయిన తమవాళ్ళ గురించి దుఃఖపడుతున్న వాళ్ళకి ఓదార్పుగా రాసిన మాట అది. దాన్ని పట్టుకుని పిల్లల్ని భయపెడితే ఆ అధ్యాయాన్ని తలకిందులు చేసినట్టే. బాప్తిస్మం సంగతికొస్తే, చంటిపిల్లలకి ఇవ్వకూడదని, ఎవరి విశ్వాసం మీద వాళ్ళే తీసుకోవాలని మన సహవాసమే కదా మొదటి నుంచీ పట్టుబట్టింది? తాతయ్య మెప్పు కోసం పిల్ల తీసుకుంటే అది ఎవరి విశ్వాసం? ఈ ప్రశ్న నెమ్మదిగా అడగండి. అడిగి ఊరుకోండి. జవాబు కోసం పట్టుబట్టకండి.

మీ నాన్నగారి గురించి ఇంకో మాట. మీరు ఆయన్ని కఠినాత్ముడని రాశారు. ఆ కాఠిన్యం ఎక్కడి నుంచి వచ్చిందో మీరు గుర్తుపెట్టుకుంటే మాట్లాడటం తేలికవుతుంది. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ అనే మిషనరీ వెంట విలియం బౌడెన్, జార్జ్ బీర్ భార్యలతో ఇంగ్లండు నుంచి వచ్చారు. నరసాపురం, పాలకొల్లు కేంద్రాలుగా వాళ్ళు మొదలుపెట్టిందే తర్వాత గోదావరి డెల్టా మిషన్ అయింది. జీతం తీసుకునే పాదిరి లేకుండా, పెద్దలే నడిపించే సహవాసం. మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో మనుషుల్ని మనుషులుగా చూడని రోజుల్లో కూలివాడు లేచి నిలబడి పదిమంది ముందు వాక్యం చదివాడంటే అది మాటలు కాదు. మా తాతయ్య తండ్రి కల్లు మానేసింది మందిరంలోకి వచ్చాకే. మా తాతయ్య అక్షరాలు నేర్చుకుంది బైబిలు చదవడానికే. తాగడు, అబద్ధమాడడు, అప్పు ఎగ్గొట్టడు అని పేరు తెచ్చుకున్నాకే ఆసాములు ఆయన్ని గుమ్మంలో నిలబెట్టి మాట్లాడటం మానేశారు. మా నాన్న టీచరయ్యాడు, నేను టీచరునయ్యాను. ఆ నియమాలే పట్టుకుని వాళ్ళు పైకొచ్చారు. ఒక్కటి వదిలితే మొత్తం జారిపోతుందన్న భయం వాళ్ళ తరానికి ఉంది. మీ నాన్నగారికి పాప చెవిపోగుల్లో కనిపించింది బహుశా అదే. ఆయన భయం నిజమైనదే. కానీ దాన్ని పదకొండేళ్ళ పిల్ల మోయనక్కర్లేదు.

మీవారి గురించి కూడా రాశారు. ఆదివారం వెనక వరసలో కూర్చుంటే వేరే సంఘం వారని బల్ల దగ్గరి రొట్టె ఆయనకి ఇవ్వకుండా ముందు నుంచి వెళ్ళిపోతుందని, అది ఆయనకి చాలా బాధగా ఉంటుందని. ఈ విషయంలో నాకు ఒక గాయం ఉంది, అందుకే చెప్తున్నాను. మా పెదనాన్న పెద్ద కూతురు లూథరన్ అబ్బాయిని పెళ్ళి చేసుకుంది. పెద్దలు ఆమెని బల్ల నుంచి నిలిపేశారు. అది సంఘం సంగతి. తాతయ్య మాత్రం అక్కడితో ఆగలేదు, మే నెలలో ఇంటికి రావద్దన్నాడు. పదకొండు వేసవులు అక్క రాలేదు. మామిడికాయలు కోసినప్పుడల్లా మామ్మ ఒక బుట్ట విడిగా పెట్టి ఎవరో ఒకరి చేత పంపించేది. మాలో ఒక్కరం కూడా తాతయ్యని అడగలేదు. నాకప్పటికి ఇరవై దాటాయి, ఉద్యోగం వచ్చింది, నేను అడగొచ్చు. అడగలేదు. తాతయ్య మంచాన పడ్డాక అక్క వచ్చింది. ఆయన ఇంకేమీ అనకుండా 23వ కీర్తన చదవమన్నాడు. చదివింది. ఆ తర్వాత పది రోజులకే ఆయన పోయాడు. ఆ పదకొండేళ్ళు మాత్రం తిరిగి రాలేదు. అక్క పిల్లలకి మా పిల్లలెవరో తెలీదు.

అందుకే మీవారిని మూడు వారాలూ ఉండమని ఒత్తిడి చేయకండి. చివరి మూడు రోజులకి రమ్మనండి, ఆదివారం పడకుండా చూసుకోండి. ఒక రోజు అందరూ కలిసి పేరుపాలెం సముద్రానికి వెళ్ళండి. ఇంట్లో కుదరని మాటలు మావగారికీ అల్లుడికీ అక్కడ ఇసకలో నడుస్తూ కుదరొచ్చు.

ఇక పాప సంగతి. ఆ పిల్లకి పోయిన ఏడు అన్నిటికంటే ఎక్కువ గుచ్చుకున్నది పోగుల మాట కాదని నాకనిపిస్తోంది. చదవలేకపోవడం. మన బైబిల్లో తెలుగు గ్రాంథికం, ఇంగ్లీషు మీడియం పిల్ల దాన్ని గడగడా చదవడం ఎలా కుదురుతుంది? మీ అన్నయ్య పిల్లలు రోజూ వింటారు కాబట్టి చదువుతారు, అంతే తేడా. ఇప్పటి నుంచి రోజూ పది నిమిషాలు కూర్చోబెట్టండి. 117వ కీర్తనతో మొదలుపెట్టండి, రెండే వచనాలు. బైబిల్లో అంతకంటే చిన్న అధ్యాయం లేదు. అది వచ్చాక 121, ఆ తర్వాత 23. వెళ్ళేసరికి ఈ మూడూ చూడకుండా చెప్పగలిగితే చాలు. తాతయ్య కోసం నేర్చుకోమని చెప్పకండి. నిన్ను చూసి మళ్ళీ ఎవరూ నవ్వకుండా నేర్చుకుందాం, నేనూ నీతో నేర్చుకుంటాను అనండి. రాత్రి ప్రార్థనలో మీ పక్కనే కూర్చుంటుందని, చెయ్యి నొక్కితే తనని తీసుకుని మీరు బయటికి వచ్చేస్తారని మాటివ్వండి. ఒకవేళ నొక్కిందా, అందరూ చూస్తున్నా సరే లేచి రండి. ఒక్కసారి ఆ మాట నిలబెట్టుకుంటే మళ్ళీ నొక్కే అవసరం పాపకి రాకపోవచ్చు. ఇన్ని చెప్పాక కూడా రానంటే ఈ ఏడు వదిలేయండి. చిన్నవాణ్ణి తీసుకుని మీరు వెళ్ళండి, వాడు కబుర్లు మోసుకొస్తాడు. పై ఏడు చూద్దాం.

మీ అమ్మగారి గురించి మీ ఉత్తరంలో ఒకే ఒక్క వాక్యం ఉంది, ఆ రాత్రి పాపకి విసనకర్రతో విసురుతూ కూర్చుందని. నాన్నగారితో మాట్లాడే ముందు ఆవిడతో మాట్లాడండి. మా ఇంట్లో రాకడ పాఠం ఆపించింది మామ్మే, అదీ ఎవరూ వినకుండా. ఏ మాట ఎప్పుడు చెప్తే ఆయన వింటారో మీ అమ్మగారికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. పైన రాసిన మూడు విషయాలూ ఆవిడకి చెప్పండి, రెండు వచనాలూ చదివి వినిపించండి. పాప మళ్ళీ రావాలంటే ఏం చెయ్యాలో నువ్వే చెప్పు అమ్మా అని అడగండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక, నాన్నగారు కునుకు తీసే వేళ ఫోన్ చేయండి. టికెట్లు ఆ తర్వాతే తీసుకోండి.